నక్షత్రం వయసు చెప్పిన కాల్షియం గీత

1868 ఆగస్టు 18 పొద్దున చంద్రుడి నీడ తెలుగు నేల మీదుగా పడమర నుంచి తూర్పుకి దూసుకుపోయింది. వనపర్తి, గుంటూరు, బందరు దాని దారిలో ఉన్నాయి. ఆ దారి వెడల్పు రెండు వందల కిలోమీటర్ల పైమాటే, అందుకని ఏలూరు, కైకలూరు, కొల్లేటి లంకలు కూడా పట్టపగలు చీకట్లో మునిగాయి. బందరులో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ దుర్భిణి బిగించుకుని కూర్చున్నాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఉన్నాడు. గుంటూరులో రెండు బృందాలు దిగాయి. ఒకటి ఇంగ్లీషు సైనికాధికారి టెనంట్‌ది, రెండోది ఫ్రాన్సు నుంచి వచ్చిన పియెర్ జాన్సెన్‌ది.

సంపూర్ణ గ్రహణం ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. నల్లబడిన సూర్యబింబం అంచున ఎర్రటి జ్వాలలు లేచి కనిపించాయి. అవేమిటో అంతవరకు ఎవరికీ నికరంగా తెలియదు. జాన్సెన్ వాటి కాంతిని వర్ణపటదర్శినిలో విడదీసి చూస్తే తళతళలాడే గీతలు కొన్ని కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడికి వెలిగే వాయువులన్నమాట. గీతలు మరీ అంత ప్రకాశంగా ఉండడంతో ఆయనకో ఆలోచన తట్టింది. ఇంత వెలుగున్నవి గ్రహణం లేకపోతే మాత్రం ఎందుకు కనిపించవు? మర్నాడు, ఆగస్టు 19న, అదే గుంటూరులో నిండు ఎండలో సూర్యుడి అంచుకి పరికరం గురిపెట్టాడు. గీతలు దొరికాయి. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా అక్టోబరులో విడిగా అదే పని సాధించాడు. సూర్యుడి ప్రకాశమండలం మీద పలచగా పరుచుకున్న ఆ ఎర్రటి పొరకి లాకియరే క్రోమోస్ఫియర్ అని పేరు పెట్టాడు. మనం వర్ణావరణం అంటున్నాం.

గుంటూరు పేరు చెప్పగానే మనవాళ్లు ఆ గీతల్లో దొరికిన హీలియం కథ ఎత్తుకుంటారు. అది చెప్పుకోదగ్గదే. నాకు మాత్రం ఆగస్టు 19 నాటి పని అంతకన్నా పెద్దదనిపిస్తుంది. గ్రహణం వస్తే తప్ప కంటపడని పొరని ఏ రోజైనా చూడొచ్చని ఆ రోజు తేలింది. సూర్యుడి అయస్కాంత శక్తి తన ఉనికిని బాహాటంగా చాటుకునేది ఆ పొరలోనే. నక్షత్రాలకు వయసు మీదపడిన కొద్దీ ఏమవుతుందో తర్వాతి కాలంలో చెప్పింది కూడా ఆ పొరే. అందులో హైదరాబాదులో పెరిగిన ఒక కుర్రవాడికి పెద్ద పాత్ర ఉంది.

ముందు ఆ పొర మాట్లాడే భాష గురించి నాలుగు ముక్కలు. సూర్యకాంతిని విడదీస్తే ఊదా రంగు చివర రెండు వెడల్పాటి నల్లని పట్టీలు కనిపిస్తాయి. అవి కాల్షియం వేసిన గుర్తులు. వాటికి హెచ్, కె అని పేర్లు. కింది నుంచి వచ్చే కాంతిని కాల్షియం మింగేస్తుంది కాబట్టి అక్కడ నలుపు. పైనున్న వర్ణావరణం బాగా వేడెక్కి ఉంటే మాత్రం ఆ నల్లపట్టీకి సరిగ్గా నడిమధ్యలో సన్నటి వెలుగు గీత మొలుస్తుంది. 1913లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఎబర్‌హార్డ్, కార్ల్ స్వార్జ్‌షీల్డ్ ఈ వెలుగు గీతను దూరపు నక్షత్రాల్లో కూడా గమనించారు. సూర్యుడి మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తరిగినట్టే, ఆ నక్షత్రాల్లో ఈ గీత కూడా హెచ్చి తగ్గుతుందేమో చూడాలని రాసిపెట్టారు. దాన్ని నిజంగా చూడడానికి పూనుకున్నవాడు రావడానికి ఇంకో యాభై మూడేళ్లు పట్టింది. అంతకుముందే, 1908లో, జార్జ్ హేల్ సూర్యుడి మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని రుజువు చేసి ఉన్నాడు. 1959లో రాబర్ట్ లైటన్, సూర్యుడి మీద కాల్షియం కాంతి ఎక్కడ మెరుస్తుందో అయస్కాంత క్షేత్రం కూడా అక్కడే చిక్కగా ఉంటుందని పటాలు తీసి చూపించాడు. అంతటితో కె గీత మధ్యనున్న వెలుగు ఎంతుందో కొలిస్తే నక్షత్రం అయస్కాంత చురుకుదనం ఎంతో తెలుస్తుందని ఖాయమైంది.

ఇక హైదరాబాదు కుర్రవాడి సంగతి. బేగంపేటలో నిజామియా వేధశాల ఉండేది. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో తెప్పించిన దుర్భిణితో మొదలై, తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, ఆకాశపటం తయారుచేసే అంతర్జాతీయ పనిలో లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచిన సంస్థ అది. అందులో పనిచేసే ఒక మలయాళీ ఉద్యోగి కొడుకు మనాలి కల్లాట్ వేణు బప్పు. 1927లో మద్రాసులో పుట్టాడు, పెరిగిందీ చదివిందీ హైదరాబాదులో, డిగ్రీ నిజాం కాలేజీలో. తండ్రి పనిచేసే చోట పదిహేను అంగుళాల దుర్భిణి ఉండగా ఆ పిల్లవాడికి ఇంకో ఆటస్థలం అవసరమేముంది? కాంతి మారే నక్షత్రాలను గమనిస్తూ, విద్యార్థిగా ఉన్నప్పుడే వ్యాసాలు అచ్చువేశాడు. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో 1949లో హార్వర్డ్ చేరాడు. అదే ఏడు ఒక తోకచుక్కని కనిపెట్టాడు. దానికి బప్పు–బాక్–న్యూకర్క్ అని పేరు వచ్చింది.

డాక్టరేటు అయ్యాక కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియా వెళ్లాడు. మౌంట్ విల్సన్, పాలొమర్ వేధశాలల్లో ఓలిన్ విల్సన్ అనే నిదానస్తుడైన ఖగోళవేత్త చాలాకాలంగా నక్షత్రాల కాల్షియం గీతల వెంట పడుతున్నాడు. ఇద్దరికీ జత కుదిరింది.

వాళ్ల పని ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. చేతిలో గాజు ప్లేటు. దాని మీద నక్షత్రం వర్ణపటం అగ్గిపుల్లంత సన్నని పట్టీగా పడి ఉంటుంది. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, కె అనే నల్లపట్టీ నడుమ మొలిచిన వెలుగు గీతను వెతకాలి. కంటి ముందుండే సన్నటి దారాన్ని మరతో జరుపుతూ గీత ఎడమ అంచు మీద ఒకసారి ఆపి అంకె రాసుకోవాలి, కుడి అంచు మీద ఇంకోసారి ఆపి ఇంకో అంకె రాసుకోవాలి. రెండింటి తేడాయే వెడల్పు. దాంతోపాటు వెలుగు ఎంత గట్టిగా ఉందో కంటి అంచనాతో మార్కులు వేయాలి. ఆ తర్వాత ఇంకో ప్లేటు. అలా 185 నక్షత్రాలు చూశారు. 1957లో అచ్చయిన వాళ్ల వ్యాసం ఖగోళశాస్త్రంలో విల్సన్–బప్పు ప్రభావంగా స్థిరపడిపోయింది. వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం సహజ కాంతి అంత ఎక్కువ. సూర్యుడి కన్నా మసక నక్షత్రాల నుంచి మహాకాయాల దాకా అదే లెక్క పనిచేసింది. సహజ కాంతి తెలిస్తే, మనకు కనిపించే కాంతితో పోల్చి ఆ నక్షత్రం ఎంత దూరాన ఉందో చెప్పేయవచ్చు.

ఈ లెక్కలో ఒక విశేషముంది. వెడల్పుకి, గీత ఎంత గట్టిగా వెలుగుతోందన్న దానికి సంబంధం లేదు. ఒకే రకం, ఒకే కాంతి ఉన్న రెండు నక్షత్రాలను తీసుకుంటే గీతల వెడల్పు సమానంగానే ఉంటుంది, వెలుగు మాత్రం ఒకదానిలో జిగేలుమంటుంది, ఇంకోదానిలో ఉందా లేదా అన్నట్టుంటుంది. దూరాలు కొలిచేవాడికి ఈ తేడా అక్కర్లేదు. విల్సన్‌కి మాత్రం అది మనసులో పడి కదలలేదు. రెండూ అన్నివిధాలా ఒకలాగే ఉన్నప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు మన పంచాంగంలో ఉన్న నక్షత్రాల్లోనే దొరికింది. కార్తీకంలో పొద్దుగుంకగానే తూర్పున లేచే కృత్తికలు ఒక నక్షత్రాల గుంపు, ఒకే మబ్బులోంచి ఒకేసారి పుట్టినవి. వాటి వయసు పన్నెండు కోట్ల ఏళ్లు ఉంటుంది. వాటి వెనకే వచ్చే రోహిణి చుట్టూ వి ఆకారంలో ఇంకో గుంపు ఉంది, దాన్ని హయాడీస్ అంటారు. రోహిణి దారిన అడ్డొచ్చి మనకలా కనిపించేదే గాని ఆ గుంపులోది కాదు. గుంపు వయసు అరవై అయిదు కోట్ల ఏళ్ల దగ్గర. పుష్యమి దగ్గరి తేనెపట్టు గుంపు కూడా దాదాపు ఆ ఈడుదే. ఇలా వయసు తెలిసిన గుంపుల్లోని సూర్యుడి వంటి నక్షత్రాలను, ఆకాశంలో ఒంటరిగా తిరిగే పాత నక్షత్రాలతో విల్సన్ పోల్చాడు. గుంపుల్లోని కుర్ర నక్షత్రాల్లో కాల్షియం వెలుగు గట్టిగా ఉంది, పాతవాటిలో వెలవెలబోయింది. 1963లో ఆ సంగతి ప్రకటించాడు. దూరాల లెక్కలో పక్కకి నెట్టేసిన వెలుగే వయసు చెప్పే గుర్తయింది.

వయసుతో వెలుగు ఎందుకు తగ్గుతుంది? దీనికి కారణం ఇంకో వైపు నుంచి వచ్చింది. 1958లో యూజీన్ పార్కర్, సూర్యుడి నుంచి ఎడతెగని గాలి వీస్తోందని లెక్కగట్టాడు. చాలామంది ఒప్పుకోలేదు. నాలుగేళ్లకు శుక్రగ్రహానికి వెళుతున్న మారినర్–2 నౌక ఆ గాలిని ఎదురుగా చవిచూసింది. సెకనుకు పది లక్షల టన్నులకు పైగా పదార్థం సూర్యుణ్ణి వదిలిపోతోంది. సూర్యుడి బరువు ముందు అది లెక్కలోకి రాదు. 1962లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎవ్రీ షాట్స్‌మన్ చూపించింది వేరే సంగతి. ఆ గాలిని అయస్కాంత క్షేత్రం వెంటనే వదలదు, చాలా దూరం దాకా పట్టుకుని తనతోపాటు తిప్పుతుంది. చేలో పిట్టలను తోలడానికి వడిసెల తిప్పేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు: తాడు పొడవయ్యే కొద్దీ రాయిని అదే జోరున తిప్పడం కష్టం, అది వదిలిపోయేటప్పుడు చేతిలోంచి లాక్కుపోయే ఊపూ ఎక్కువే. తాడు రెట్టింపయితే ఆ ఊపు నాలుగింతలవుతుంది. సూర్యుడి గాలి వ్యాసార్థానికి పదింతల దూరం దాటాకే విడిపోతుంది కాబట్టి నూరింతలకు పైగా భ్రమణాన్ని ఎత్తుకుపోతుంది. ఆ హద్దుని 2021 ఏప్రిల్‌లో పార్కర్ పేరు పెట్టుకున్న నౌకే మొదటిసారి దాటింది. సూర్యుడి కేంద్రం నుంచి దాదాపు పంతొమ్మిది వ్యాసార్థాల దూరాన.

నక్షత్రం తన చుట్టూ తాను తిరగడం వల్లే లోపల అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రమే గాలిని పట్టుకుని నక్షత్రానికి కళ్లెం వేస్తుంది. తిరగడం మందగిస్తే క్షేత్రం బలహీనపడుతుంది, కళ్లెమూ సడలుతుంది. అందుకే మొదట్లో వేగం గబగబా పడిపోతుంది, పోనుపోనూ తగ్గుదల నెమ్మదిస్తుంది. 1967లో రాబర్ట్ క్రాఫ్ట్ కృత్తికల్లోను, హయాడీస్‌లోను సూర్యుడి వంటి నక్షత్రాల భ్రమణవేగాలు కొలిచి, చిన్న వయసువే జోరుగా తిరుగుతున్నాయని తేల్చాడు.

ఇన్ని పోగులనూ కలిపి ఒక్క సూత్రంగా పేనినవాడు ఆండ్రూ స్కుమానిచ్. అమెరికాలో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో పనిచేసేవాడు, అంతకుముందు విల్సన్‌తో కలిసి రాసినవాడే. 1972లో ఆయన అచ్చువేసిన వ్యాసం మూడే మూడు పేజీలు. కృత్తికలు, హయాడీస్, సూర్యుడు: ఇంతకుమించి చేతిలో పెద్దగా సాక్ష్యం లేదు. వాటిని ఒక పటం మీద గుర్తుపెట్టి, భ్రమణవేగమూ కాల్షియం వెలుగూ రెండూ వయసు వర్గమూలానికి విలోమంగా తగ్గుతున్నాయన్నాడు. కాగితం మీద మనమూ సరిచూసుకోవచ్చు. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు, నడుము దగ్గర ఒక చుట్టుకి 25 రోజులు. హయాడీస్ వయసు 65 కోట్లు. 460ని 65తో భాగిస్తే ఏడు. ఏడు వర్గమూలం 2.65. 25ని దాంతో భాగిస్తే తొమ్మిదిన్నర రోజులు. హయాడీస్‌లో సూర్యుడి వంటి నక్షత్రాలకు నిజంగా కొలిస్తే వచ్చేది ఎనిమిది, తొమ్మిది రోజులు. కృత్తికలకు ఇదే లెక్క వేస్తే నాలుగు రోజులు వస్తుంది. వాటిలో చాలా వాటికి కొలిచినదీ ఆ దరిదాపుల్లోనే ఉంది. మూడు బిందువుల మీదుగా గీసిన గీత యాభై ఏళ్ల పైబడి నిలబడిందంటే అది స్కుమానిచ్ చూపు గొప్పతనం. మూడు పేజీల్లో ఇంత సరుకున్న వ్యాసాలు ఏ శాస్త్రంలోనైనా అరుదు.

అప్పటికే విల్సన్ ఇంకో దీక్షలో ఉన్నాడు. 1966 మార్చిలో, యాభయ్యేడేళ్ల వయసులో, మౌంట్ విల్సన్ నూరంగుళాల దుర్భిణితో 91 నక్షత్రాల కాల్షియం వెలుగుని కొలవడం మొదలుపెట్టాడు. 1913లో ఆ జర్మన్లు వేసిన ప్రశ్నకు సమాధానం వెతకాలని. సూర్యుడి చక్రమే పదకొండేళ్లు కాబట్టి దశాబ్దం గడవనిదే చెప్పడానికి ఏమీ ఉండదు. ఏటేటా ఫలితాలు చూపించమనే ఈ కాలంలో అలాంటి పనికి ఎవరు డబ్బిస్తారో ఆలోచించండి. పన్నెండేళ్ల తర్వాత 1978లో ఆయన ఫలితాలు వెలువరించాడు. సూర్యుడి వంటి చక్రాలు ఇతర నక్షత్రాలకూ ఉన్నాయి. ఆ తర్వాత పని అరవై అంగుళాల దుర్భిణికి మారింది. రాత్రి విడిచి రాత్రి కాకుండా వరసగా కొలుస్తుంటే, మెరిసే ప్రాంతాలు మనవైపు తిరిగినప్పుడు వెలుగు పెరగడం, అటు తిరిగినప్పుడు తగ్గడం కనిపించి, భ్రమణకాలం నేరుగా దొరికింది. శాలీ బాల్యూనస్ తదితరులు దాన్ని 2003 దాకా నడిపారు. 1995లో వచ్చిన వాళ్ల లెక్కలో నూటపదకొండు నక్షత్రాల్లో దాదాపు సగం చక్రాలు కనబరిచాయి. కొన్ని మాత్రం ఏ ఒడుదుడుకూ లేకుండా ఊరుకున్నాయి.

ఇక్కడ మన రంగాపూర్ మాట చెప్పాలి. హైదరాబాదు పక్కన జపాల్–రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో నలభై ఎనిమిది అంగుళాల దుర్భిణి నెలకొల్పింది. మచ్చలతో నిండిన జంట నక్షత్రాల కాంతిని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి కొలిచారు. ఆర్.ఎస్. కేనమ్ జాతి అని వాటికి పేరు. వాటికి వయసు తక్కువేం కాదు. అయినా ఒకదాని చుట్టూ ఒకటి దగ్గరగా తిరుగుతూ, ఆటుపోట్ల లాగుడుతో ఒకదాన్నొకటి నెమ్మదించనివ్వవు. జోరుగా తిరుగుతుంటాయి కాబట్టి ముదిరాక కూడా అయస్కాంత చురుకుదనంలో కుర్ర నక్షత్రాలను మించిపోతాయి. చురుకుదనానికి అసలు మూలం వయసు కాదని, భ్రమణమని దీనికన్నా సూటిగా చెప్పే సాక్ష్యం లేదు.

2003లో సిడ్నీ బార్న్స్ ఈ వరసనంతా తిరగేశాడు. వయసు తెలిస్తే భ్రమణం చెప్పగలిగినప్పుడు, భ్రమణం తెలిస్తే వయసు ఎందుకు చెప్పలేం? దానికి జైరోక్రోనాలజీ అని పేరు పెట్టాడు. 2009లో ఎగిరిన కెప్లర్ నౌక లక్షన్నర నక్షత్రాలను రెప్పవేయకుండా చూసి, మచ్చల వల్ల కాంతిలో వచ్చే వెయ్యోవంతు మార్పులను కూడా పట్టింది. వంద కోట్ల ఏళ్ల గుంపు ఒకదానికి 2011లో, 250 కోట్ల ఏళ్ల గుంపుకి 2015లో భ్రమణకాలాలు కొలిస్తే గడియారం సరిగ్గానే నడుస్తోందని తేలింది.

మర్నాటి ఏడే చిక్కొచ్చింది. 2016లో జెనిఫర్ వాన్ సేడర్స్ బృందం, లోపలి కంపనాలను బట్టి వయసు తెలిసిన 21 కెప్లర్ నక్షత్రాలను పరిశీలించింది. సూర్యుడి ఈడు దగ్గరకొచ్చినవీ, దాటినవీ అనుకున్నదానికన్నా జోరుగా తిరుగుతున్నాయి. నడివయసు దాటాక కళ్లెం సడలిపోతోందన్నమాట. ఎందుకని? 2021లో కోల్‌కతా ఐసర్‌లోని దివ్యేందు నంది బృందం ఒక వివరణ ఇచ్చింది. నక్షత్రం బాగా నెమ్మదించాక, అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే లోపలి డైనమో రెండు స్థితుల్లో ఉండగలదట. ఒకటి మచ్చలు, చక్రాలు ఉన్న మామూలు స్థితి, ఇంకోటి చప్పబడిపోయిన స్థితి. రెండో స్థితిలో పడ్డప్పుడు గాలి భ్రమణాన్ని పెద్దగా ఎత్తుకుపోలేదు. సూర్యుడు ఇప్పుడు ఆ మలుపు దగ్గరే ఉన్నాడని చాలామంది అనుమానం. 2020లో సూర్యుడి వంటి భ్రమణకాలమున్న 369 నక్షత్రాలతో పోల్చి చూస్తే, వాటిలో చాలావాటికన్నా మన సూర్యుడే మెతకగా తేలాడు. ఇది ఇంకా తేలాల్సిన వ్యాజ్యం. నా ఓటు కళ్లెం సడలిందన్న వాదానికే. దూరపు నక్షత్రాల ఋజువులు ఏడాదికేడాది అటే మొగ్గుతున్నాయి.

ఇంతకీ బప్పు అమెరికాలో ఉండిపోలేదు. 1953లో తిరిగొచ్చి నైనితాల్ వేధశాలకు పునాది వేశాడు. 1960లో కొడైకెనాల్ వేధశాల పగ్గాలు పట్టాడు. 1904 నుంచి సూర్యుణ్ణి తెల్ల కాంతిలోను, తర్వాత కొద్ది ఏళ్లకే కాల్షియం కాంతిలోను రోజూ ఫొటో తీస్తూ వచ్చిన చోటది. నక్షత్రాలకు విల్సన్ చేసినది, సూర్యుడికి అక్కడ బప్పు పుట్టకముందు నుంచే జరుగుతోంది. కావలూరులో పెద్ద దుర్భిణి కోసం పాటుపడుతూ, అది పూర్తికాకుండానే, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షుడిగా ఉండగా 1982లో మ్యూనిక్‌లో కన్నుమూశాడు. ఆ రోజు ఆగస్టు 19. జాన్సెన్ గుంటూరులో ఎండలో ఆ గీతలు చూసిన తారీఖే. కావలూరు దుర్భిణికి 1986లో ఆయన పేరు పెట్టారు.

ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీలోనో, తాడేపల్లిగూడెం నిట్‌లోనో ఫిజిక్సు చెప్పే మాస్టార్లకు, చదువుకునే పిల్లలకు నాదొక మనవి. కెప్లర్ కొలతలు, దాని తర్వాత 2018లో ఎగిరిన టెస్ నౌక కొలతలు, కొడైకెనాల్ సూర్యబింబాలు అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కృత్తికల్లో ఒక నక్షత్రం కాంతి వివరాలు దింపుకుని, అది ఎన్ని రోజులకోసారి హెచ్చి తగ్గుతోందో లెక్కకట్టడానికి కాలేజీ లాబ్‌లో ఉన్న కంప్యూటరు చాలు. టెస్ ఒక చోటు చూసేది ఇరవై ఏడు రోజులే కాబట్టి సూర్యుడంత నిదానమైనవి దానికి చిక్కవు, నాలుగైదు రోజుల కుర్ర నక్షత్రాలు మాత్రం బాగా చిక్కుతాయి. ఈ కార్తీకంలో ఒక ప్రాజెక్టుగా పెట్టించండి. వచ్చిన అంకెను స్కుమానిచ్ లెక్కతో పిల్లల చేతే సరిచూయించండి.